నిచ్చెన చవకని అందరం అనుకున్నాం

నేను రిటైరవడానికి ఐదేళ్ళ ముందు, జనవరి నెలాఖర్లో, నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ మేనేజరుగా చేరాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేశాను. నూలు వడికే యంత్రాలు నాకు బాగా తెలుసు కానీ పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ హాలు నాకు కొత్త. యజమాని గారు ఆ సంగతి తెలిసే నన్ను తీసుకున్నారు. "కొత్త కళ్ళతో చూస్తావని తీసుకున్నా" అని చేరిన రోజే చెప్పారు.

ఆ హాలులో జిన్నింగ్ యంత్రాలు రెండు వరుసలుగా ఉండేవి. వరుసల మధ్య ఒక వెడల్పాటి దారి, అటూ ఇటూ గోడల పక్కన చెరో దారి. పైన రేకుల కప్పు. దాన్ని మోసే ఇనుప ట్రస్సులు నేల నుంచి ఇరవై రెండు అడుగుల ఎత్తున ఉండేవి. యంత్రాలు తిరుగుతున్నంతసేపూ దూది నూగు పొగలా లేచి ట్రస్సుల మీద, లైట్ల మీద, కేబుళ్ళ మీద పేరుకుంటుంది. జిన్నింగ్ మిల్లుకు నిప్పు భయం ఎక్కువ. ఒక లైటు హోల్డరు వేడెక్కి చిన్న రవ్వ లేచినా ఆ నూగు మీదుగా మంట హాలంతా పాకుతుంది. అందుకే సీజనులో పదిహేను రోజులకోసారి మనిషిని పైకెక్కించి మొత్తం దులిపించేవాళ్ళం.

పైకెక్కేది కోటయ్య. రొంపిచెర్ల వైపు మనిషి. హోదా ఎలక్ట్రికల్ హెల్పరు, పద్దెనిమిదేళ్ళ సర్వీసు. రెండు ముక్కలుగా ఉండి తాడు లాగితే పొడవయ్యే అల్యూమినియం నిచ్చెన ఒకటుండేది. దాన్ని ట్రస్సుకు ఆనిస్తే కింద ఇద్దరు పట్టుకునేవారు, కోటయ్య ఎక్కేవాడు. నిచ్చెన మీద ఉన్నప్పుడు రెండు కాళ్ళూ ఒక చెయ్యీ ఎప్పుడూ మెట్ల మీదే ఉండాలన్నది మా వృత్తిలో మొదటి నియమం. కానీ బ్రష్షుతో నూగు దులపాలంటే రెండు చేతులూ కావాలి. అంటే నియమం పాటిస్తే పని జరగదు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం నేను హాల్లో ఉండగానే నిచ్చెన జారింది. నేల మీద పడిన నూగు మీద దాని కాలు ఒక్కసారిగా వెనక్కి పోయింది. కింద పట్టుకున్న ఇద్దరూ పక్కకు పడ్డారు. కోటయ్య మాత్రం పడలేదు. రెండు చేతులతో ట్రస్సు పట్టుకుని గాలిలో వేలాడాడు. ఎవరో ఆడమనిషి పెద్దగా కేకవేసింది. మళ్ళీ నిచ్చెన నిలబెట్టి అతని కాళ్ళకు అందించేసరికి నా చొక్కా చెమటతో తడిసిపోయింది. అతను దిగి, చెంబెడు నీళ్ళు తాగి, చేతులు చూసుకుని అన్నాడు: "కాలి రబ్బరు అరిగింది సార్. మార్పియ్యండి." అనేసి మిగిలిన పనికి మళ్ళీ ఎక్కబోయాడు. నేను ఆపేశాను.

ప్రమాదం జరగబోయి తప్పిపోతే రాయడానికి ప్రతి ఫ్యాక్టరీలో ఒక రిజిస్టరు ఉండాలి. మా మిల్లులోనూ ఉంది. తెరిచి చూస్తే మొదటి పేజీ నుంచీ ఖాళీ. ఆ రోజు నేను రాసిందే అందులో మొదటి నమోదు.

మర్నాడు యజమాని గారి దగ్గరికి వెళ్ళి సిజర్ లిఫ్టు కావాలని అడిగాను. కత్తెరలా మడతపడే ఇనుప చట్రం మీద, చుట్టూ కటకటాలున్న వేదిక ఉంటుంది. బ్యాటరీతో నడుస్తుంది, మీట నొక్కితే పైకి లేస్తుంది. అందులో నిలబడి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. యజమాని గారు వ్యవసాయం నుంచి వ్యాపారంలోకి వచ్చిన మనిషి. డెబ్బై దాటినా రోజూ హాలు చుట్టూ తిరిగేవారు. నేను చెప్పింది విని, "ఏందయ్యా, నిచ్చెన జారితే రబ్బరు మార్చాల గానీ బండి కొంటారా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "నిచ్చెనకెంత, నీ లిఫ్టుకెంత, పక్కపక్కన రాసుకురా. లిఫ్టే చవకని చూపిస్తే కొంటా. భయపెట్టి మాత్రం కొనిపించబాక" అన్నారు.

నాకు కోపం వచ్చింది కానీ, ఆ షరతు న్యాయమైనదే అనిపించింది. అకౌంట్స్ మేనేజరుతో కూర్చుని లెక్క వేశాను. నిచ్చెన ధర, దాని రబ్బర్లు, ముగ్గురి కూలి ఒక పక్క. లిఫ్టు ధర, బ్యాటరీలు, సర్వీసు, కరెంటు, నడిపేవాడి శిక్షణ ఇంకో పక్క. మూడేళ్ళకు వేసినా, ఐదేళ్ళకు వేసినా నిచ్చెనే నెగ్గింది. అదీ కొద్ది తేడాతో కాదు. నిచ్చెన ఖర్చు వేలల్లో ఉంటే లిఫ్టు ఖర్చు లక్షల్లో ఉంది. అకౌంట్స్ మేనేజరు కళ్ళజోడు తీసి, "ఇది పట్టుకెళ్ళకండి సార్, బాగుండదు" అని సలహా ఇచ్చారు.

ఆ కాగితం నా బల్ల మీద ఉండగా కోటయ్య వచ్చాడు. లిఫ్టు సంగతి అతనికి అప్పటికే తెలిసింది, నచ్చలేదు కూడా. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఎత్తున పనిచేసే మనిషి తానొక్కడే. మీట నొక్కే పనయితే ఎవరైనా చేస్తారని అతని బాధ. అయినా కాగితం చూసి అడిగాడు.

"ఏం రాశారు సార్, నిచ్చెన పని ఎంతసేపని?"

"వరుసకు రెండు గంటలు" అన్నాను.

"అది నేను పైన ఉండే టైము. దిగేది, ముక్కలు దించేది, మోసేది, మళ్ళా నిలబెట్టేది ఏదీ? ఒక్కో వరుసకి ఎన్నిసార్లు జరుపుతామో చూశారా ఎప్పుడన్నా?"

చూడలేదు. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్నా, నిచ్చెన పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒక్కచోట నిలబడి ఎప్పుడూ చూడలేదు. ఆ మాట అతనితోనే ఒప్పుకున్నాను.

తర్వాత దులిపే రోజున, నిచ్చెన కాళ్ళకు కొత్త రబ్బర్లు వేయించి, గడియారం, నోటుపుస్తకం పట్టుకుని హాల్లో నిలబడ్డాను. ఒక వరుసకు నిచ్చెనను ఇరవై మూడుసార్లు జరిపారు. మొత్తం ఐదు గంటల పైనే పట్టింది. పైనుంచి రాలే నూగు, దుమ్ము శుభ్రమైన దూదిలో కలవకూడదు కాబట్టి అంతసేపూ ఆ వరుస యంత్రాలు ఆగి ఉన్నాయి. ఈ ఆగిన సమయాన్ని మేము "మామూలు నిలుపుదల" అనే పద్దు కింద వేసి మర్చిపోయేవాళ్ళం. నిచ్చెన ఖర్చులో ఎప్పుడూ కలపలేదు.

ఆ సాయంత్రం రమణమ్మ ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడింది. కోటయ్య భార్య. అదే హాల్లో పత్తిలో చెత్త ఏరే పని చేస్తుంది. ఆ రోజు కేకవేసింది తనేనని అప్పుడు తెలిసింది.

"ఆయన రమ్మన్లేదు సార్, నేనే వచ్చా. మీరేందో లెక్క రాస్తున్నారంట గదా."

"అవునమ్మా."

"ఆయన పైకెక్కినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోయిద్ది. నాదే కాదు. ఆ రోజు జారిన కాడి నుంచి మా వాళ్ళందరూ తల పైకెత్తుకునే కూర్చుంటున్నారు. సూపర్‌వైజరు తిడతాడు, కాసేపు ఏరతాం, మళ్ళా చూస్తాం. అది రాశారా మీ లెక్కలో?"

రాయలేదన్నాను. మరుసటి దులిపే రోజున, నిచ్చెన లేచి ఉన్న గంటల్లో ఏరిన పత్తి ఎంతో, మామూలు గంటల్లో ఎంతో విడివిడిగా తూకం వేయించాను. నిచ్చెన లేచిన గంటల్లో మామూలులో సగానికి కాస్త ఎక్కువ వచ్చింది, అంతే. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఈ ఆగిన పనంతా కలిపి వేసిన రెండో లెక్కలో లిఫ్టు నెగ్గింది, దాన్ని యజమాని గారికి చూపించాను. చదివి, "కాగితం బాగానే ఉంది. బండి చూపించు" అన్నారు. విజయవాడ నుంచి రెండు రోజుల అద్దెకు ఒక లిఫ్టు తెప్పించాను.

మొదటి రోజు నా పరువు పోయింది. యజమాని గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పనివాళ్ళందరూ చుట్టూ చేరారు. లిఫ్టు మధ్య దారిలోకి వచ్చి ఆగింది. మీట నొక్కగానే ప్లాట్‌ఫాం లేవకుండా కీచుమని అరవడం మొదలుపెట్టింది. నేల కొద్దిగా వాలుగా ఉన్నా ఆ యంత్రం పైకి లేవదు, దాని రక్షణ ఏర్పాటు అలాంటిది. మా నేల పాత మురుగు కాలువ వైపు వాలి ఉంది. ముందుకు జరిపి చూశాం, వెనక్కి జరిపి చూశాం. ఎక్కడ ఆపినా అరుపే.

"మా నాయన కాలంలో ఒక ఎద్దుండేది. అచ్చం ఇట్టాగే మొరాయించేది" అన్నారు యజమాని గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు.

అప్పుడు కోటయ్య స్టోర్సులోకి వెళ్ళి సుద్దముక్క తెచ్చాడు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ నేల మీద గుండ్రాలు గీశాడు. మధ్య దారిలోనూ, పక్క దారుల్లోనూ కలిపి పంతొమ్మిది. "నిచ్చెన కాళ్ళు రెండూ సమంగా ఆనే చోట్లు ఇయ్యే సార్. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా, మిగతా చోట్ల ఒక కాలి కింద చెక్క పెట్టాల. బండిని ఈటి మీద నిలపమనండి" అన్నాడు. మొదటి గుండ్రం మీద లిఫ్టు నిలిచింది, అరవలేదు, లేచింది. పంతొమ్మిదింట్లో రెండే పనికిరాలేదు.

రెండో రోజు కోటయ్యే లిఫ్టు ఎక్కాడు. వరుస మొత్తం గంటా యాభై నిమిషాల్లో అయిపోయింది. ట్రస్సు వెనక పక్క, నిచ్చెన మీంచి ఎప్పుడూ చెయ్యి అందని చోట, బొంతలా పేరుకున్న నూగు గంపల కొద్దీ దిగింది. కొన్నిచోట్ల కేబులు పైపొర వేడికి నల్లబడి ఉంది. దాన్ని చూశాక యజమాని గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

చివరి నివేదికలో నాకు అనుకూలం కానివి కూడా రాశాను. నేల బాగుచేయించే ఖర్చు లిఫ్టు పక్కనే వేశాను. పది అడుగుల లోపు ఎత్తులో, ఒక లైటో స్విచ్చో మార్చే పదినిమిషాల పనికి నిచ్చెనే చవక అనీ, రబ్బర్లు ఎప్పటికప్పుడు మారుస్తూ దాన్ని ఉంచుకోవాలనీ రాశాను. ట్రస్సుల పనికి మాత్రం ఆగిన యంత్రాలు, ఆగిన చేతులు కలిపితే లిఫ్టు రెండో సీజను ముగిసేలోగా తన ధర తాను తీసుకొస్తుందని తేల్చాను. కోటయ్యకు శిక్షణ ఇప్పించి హెల్పరు నుంచి టెక్నీషియనుగా మార్చాలన్నది చివరి వాక్యం.

"నిచ్చెన బయట పారెయ్యమని రాస్తావనుకున్నా" అన్నారు యజమాని గారు.

"పనికొచ్చే చోట పనికొస్తుందండి" అన్నాను.

ఆయన సంతకం పెట్టారు. ఆ వేసవిలో, సీజను ముగిశాక లిఫ్టు వచ్చింది. పనివాళ్ళు దానికి కత్తెర బండి అని పేరు పెట్టారు. నేను రిటైరయ్యేదాకా ఆ ట్రస్సుల పనిలో ఎవరికీ గీత కూడా పడలేదు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే పనుల్లో ఇది మొదటిది.

ధరలు రెండూ పక్కపక్కన రాస్తే వచ్చేది ధరల పట్టిక మాత్రమే. పని ఖర్చు తెలియాలంటే పని జరిగే చోట, జరుగుతున్నంతసేపూ నిలబడాలి. పైన ఉన్నవాణ్ణి అడగాలి, కింద ఉన్నవాళ్ళనీ అడగాలి. ఆఫీసులో కూర్చుని నేను వేసిన మొదటి లెక్కలో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి, లెక్క మాత్రం తప్పు. దాన్ని దిద్దినవాళ్ళు ఇద్దరు. అందుకే నివేదిక చివర "తయారుచేసినవారు" అన్నచోట నా పేరు కింద కోటయ్య పేరు, రమణమ్మ పేరు కూడా రాశాను. ఆఫీసు కాగితం మీద అలా రాయకూడదని అకౌంట్స్ మేనేజరు అభ్యంతరం చెప్పారు. యజమాని గారు మూడు పేర్లూ చదివి, ఏదీ కొట్టెయ్యకుండా కాగితాన్ని ఫైల్లో పెట్టించారు.