కార్తీకంలో మానేశాను కదా!

కార్తీకమాసం ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా, పీణ్యలో మా ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగేసరికి చెప్పు పట్టీ పాదంలోకి దిగబడి ఉంది. పొద్దున కాటన్‌పేటలో ఇంటి దగ్గర వేసుకున్నప్పుడు సరిపోయిన చెప్పే. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది. మెషిన్ షాపులో తయారైన భాగాలను కొలిచి, కొలత తప్పినవాటిని పక్కన పడేయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా ఎవరి పనిలో తప్పున్నా మొహం మీదే చెప్పేదాన్ని. నా పాదం విషయంలో మాత్రం, నిలబడి నిలబడి వాచిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండు రోజులకు అన్నం చూస్తేనే వాంతి. మా వదిన సరళ బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. విడాకుల తర్వాత నేను అన్న ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటున్నాను. కింద తొమ్మిది మంది ఉంటారు. నా నోటికి జడిసి ఎవరూ మెట్లెక్కరు. నాకు కావలసిందీ అదేననుకునేదాన్ని.

అల్ట్రాసౌండ్, లివర్ కోసం ఎల్‌ఎఫ్‌టీ రక్తపరీక్ష అయ్యాక డాక్టరు రిపోర్టులు చూస్తూ అడిగారు: "ఆల్కహాల్ తీసుకుంటారా?"

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "ఏం సార్ ఇట్లడుగుతారు? మా ఇంటి ఆడోళ్ళు అట్లాంటోళ్ళా? కార్తీకమంతా ఒక్కపొద్దు ఉండాది ఈమె. సోమవారమైతే పచ్చి నీళ్ళు కూడా ముట్టదు!"

డాక్టరు నా వైపు చూశారు. "లేదు" అన్నాను.

తొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం ఏడింటికి ఒక క్వార్టర్ బ్రాందీ తాగుతున్నాను. స్టీలు టంబ్లర్‌లో. కిందవాళ్ళు అది సొంఠి కషాయం అనుకునేవారు. ఖాళీ సీసాలు మర్నాడు టిఫిన్ బ్యాగులో పీణ్యకి వెళ్ళిపోయేవి. అయినా ఆరోజు నేను అబద్ధం చెప్పాననుకోలేదు. శివరాత్రికి ముట్టను. కార్తీకం నెలంతా ముట్టను. మానగలిగినదాన్ని కాబట్టి నాకది అలవాటు కాదు. ఇదీ నా వాదన. ఊరందరితో వాదించే నాకు ఈ ఒక్క విషయంలో ఎదురు మాట్లాడే మనిషే లేకపోయింది, ఎవరికీ చెప్పలేదు కాబట్టి.

ఏటా కార్తీకం మొదటి నాలుగు రోజులు దీపం వెలిగిస్తుంటే చేతులు వణికేవి. ఉపవాసం నీరసం అనుకున్నాను. వదిన భక్తి అనుకుంది.

లివర్ జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో ఆ ఆసుపత్రిలో ఒక స్టడీ జరుగుతోంది. దాని కోసం చైత్ర అనే అమ్మాయి ఫారం పట్టుకుని వచ్చింది. "నేను బాగేపల్లిదాన్ని అక్కా, కన్నడం వద్దు, తెలుగులోనే అడుగుతా" అని బరువు, షుగర్, తిండి అన్నీ అడిగింది. నాకు షుగర్ ఉంది, ఒళ్ళూ ఉంది. తర్వాత, "పోయిన ముప్పై దినాల్లో ఎన్ని దినాలు తాగినారు?"

"సున్నా." అక్షరాలా నిజం. ఇంకేదో అడగబోయింది. "సున్నా అంటే సున్నానే, రాసుకో" అని కసిరాను. రాసుకుంది.

మందులు రాసి ఇంటికి పంపేశారు. కార్తీకం ముగిసిన మర్నాడు, పాడ్యమి నాడు తెల్లవారకముందే బేసిన్ నీళ్ళలో అరటిదొప్పల దీపాలు వదిలాం. ఆ సాయంత్రం ఏడింటికి మళ్ళీ టంబ్లర్ తీశాను.

అయిదు వారాలు గడిచేసరికి కళ్ళు పసుపు, పొట్ట కుండలా. అడ్మిట్ చేశారు. అసైటిస్, పొట్టలో నీరు చేరిందన్నారు, సూది గుచ్చి తీశారు. హెపటైటిస్ బి, సి రెండూ నెగెటివ్. "కారణం తేలడం లేదు. ఆటోఇమ్యూన్ కావచ్చు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే లివర్‌ను దెబ్బతీయడం. రేపు బయాప్సీ చేద్దాం" అన్నారు డాక్టరు. మీ రక్తం పలచగా ఉంది, బ్లీడింగ్ రిస్క్ ఉంటుందని కూడా చెప్పి సంతకం అడిగారు. పెన్ను చేతిలో పట్టుకుని, తర్వాత పెడతానన్నాను.

ఆ మధ్యాహ్నం వదిన కాఫీకి వెళ్ళినప్పుడు చైత్ర మళ్ళీ వచ్చింది. అదే ఫారం, అదే ప్రశ్న.

"ఇక్కడ చేరేదాకా ముప్పైకి ముప్పై" అన్నాను.

పిల్ల ఉలిక్కిపడలేదు. "ఎంతక్కా?"

"క్వార్టరు."

"మరి అప్పుడు సున్నా అంటిరే?"

"అది కార్తీకం."

పెన్ను కింద పెట్టింది. "మా నాయనా ఇంతే అక్కా. మాల ఏసుకున్న నలభై దినాలు చూపించి, నేను తాగుబోతునైతే ఎట్ల మానిందును అంటా ఉండె."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"లేడక్కా." పెన్ను మళ్ళీ తీసుకుని, "ఇది స్టడీకి మాత్రమే. డాక్టరు దగ్గరికి పోదు. ఆయనకు మీరే చెప్పల్ల" అంది.

సాయంత్రం డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు వదిన పక్కనే ఉంది. బయటికి వెళ్ళమన్నాను, కదల్లేదు. రోజూ క్వార్టర్ అని ఆమె ఎదుటే చెప్పాను.

"కషాయమంటివే ఉమా" అంది వదిన. అంతే. తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

డాక్టరు బయాప్సీ ఆపేశారు. "మీ రక్తపరీక్షలో ఎంసీవీ, ఏఎస్‌టీ అంకెలు చూసి నాకు మొదట్నుంచీ అనుమానమే. ఆరోజు మిమ్మల్ని ఒంటరిగా అడగాల్సింది, అది నా పొరపాటు" అన్నారు. నేను ఊరుకోలేదు. మా అన్న స్నేహితులు ఇంతకు రెండింతలు తాగి నిక్షేపంలా తిరుగుతున్నారే అన్నాను. కార్తీకంలో మానేశాను కదా, చేతులు వణికినా వదిన అది భక్తి అంటుందే అని కూడా అన్నాను. "వాళ్ళ లివర్ మీరు చూశారా? తక్కువ తాగినా ఆడవాళ్ళ లివర్ త్వరగా దెబ్బతింటుంది. మీకు పైగా షుగరు, బరువు. దానికి తోడు నెలంతా కడుపు మాడ్చుకోవడం. ఒక్కసారిగా మానేస్తే వచ్చే వణుకు అది, భక్తి కాదు. ఫిట్స్ కూడా రావచ్చు" అన్నారు. బయాప్సీ కాగితం, పెన్ను ఆయనకు తిరిగి ఇచ్చేశాను.

ఇది జరిగి ఏడాదిన్నర. సైకియాట్రీ వాళ్ళ మాత్రలు, మూడు పూటలా తిండి, పడుకునే ముందు ఇంకాస్త తిండి. ఒక్కపొద్దులు బంద్. లివర్‌లో మచ్చ మిగిలింది, అది పోదన్నారు. లివర్ ఎంత గట్టిపడిందో చూడటానికి ఆరునెలలకోసారి ఫైబ్రోస్కాన్. ఏడు గంటలు మాత్రం ఇంకా ఏడు గంటలే, మనసు అటే లాగుతుంది, టంబ్లర్‌లో ఇప్పుడు నిజంగా సొంఠి కషాయమే ఉన్నా. ఆ వేళకు వదిన మెట్లెక్కి వస్తుంది, టంబ్లర్ ఎత్తి వాసన చూస్తుంది, పెట్టేసి దిగిపోతుంది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆరున్నర నుంచే ఆ అడుగుల చప్పుడు కోసం చెవి పెట్టుకుని కూర్చుంటాను.

మొన్న చైత్ర ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగింది. "సున్నా" అన్నాను.

"ఇది ఏ మాసమక్కా?"

"ఆషాఢమే తల్లీ, ఏ వ్రతమూ లేదు."

చదివేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టండి. మానేసిన నెల సంగతి దేవుడికి చెప్పుకోండి. డాక్టరుకు మిగతా పదకొండు నెలల సంగతి చెప్పండి.