హారతి తగిలిన రెక్క

తార్నాకలో సుబ్బరాయుడు గారిని ఎరగనివాళ్ళు లేరు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, యూనివర్సిటీ వర్క్‌షాపులో లేతు మిషన్ల మధ్యే జుట్టు నెరిసిన మనిషి. రిటైరైనా కాలు ఇంట్లో నిలవదు. ఎందుకంటారా? క్యాంపస్‌లో ఒక పాత షెడ్డులో విమానం ఉంది. ఒకప్పుడు కుర్రాళ్ళకు నడపడం నేర్పిన రెండు సీట్ల విమానం. పైన కప్పుండదు, గాలి నేరుగా మొహాన కొడుతుంది. పావురాలు కాపురం పెట్టిన ఆ ఎముకల గూడును మళ్ళీ ఎగిరించాలని ప్రొఫెసర్ శశిభూషణ్ గారు పూనుకుంటే, ఇంజను పని సుబ్బరాయుడు గారు, చెక్కపని సీతాఫల్‌మండి వడ్రంగి సామేలు తలకెత్తుకున్నారు.

దాని రెక్కలు రేకువి కావండోయ్! చెక్క పక్కటెముకల మీద గుడ్డ బిగించి కుట్టి, ఆ గుడ్డ డప్పులా బిగుసుకోవడానికి ఘాటు వాసనేసే మందు పూయాలి. ఆ మందుకి నిప్పు కనబడితే చాలు. అందుకే షెడ్డులో అగ్గిపుల్ల గీయకూడదని సుబ్బరాయుడు గారే శాసనం చేశారు. సామేలు జేబులోంచి బీడీ తీస్తే గేటు దాకా తరిమేవారు.

"నీ ఇమానం కంటె నా పెండ్లామే నయం అన్నా, వాకిట్ల తాగనిస్తది," అనేవాడు సామేలు.

"మీ వాకిలి ఎగరక్కర్లేదు కదయ్యా!" అనేవారు ఈయన.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న దసరా. బస్సుల్లేవు, క్లాసుల్లేవు. గేటు దగ్గర పోలీసులు, లోపల నినాదాలు. పండుగ పూట సామేలు తార్నాక చౌరస్తాలో వంటా వార్పుకు పోయాడు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే వండుకు తినే నిరసన అది. సుబ్బరాయుడు గారు ఒక్కరే షెడ్డుకు వెళ్ళారు. చేతిలో భార్య శ్యామలాంబ గారు సర్దిచ్చిన పూజ పళ్ళెం.

సర్వీసంతా ఆయుధపూజకు మిషన్లకు హారతి ఇచ్చిన చెయ్యి అది. ఇనుముకు హారతి ఇస్తే ఇనుమేం చేస్తుంది? బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి ఇంజనుకు తిప్పారు. అంతటితో ఊరుకోవచ్చుగా! రెక్క మాత్రం ఏం పాపం చేసిందని, ముందురోజే మందు పూసిన కుడి రెక్క దగ్గరికి పళ్ళెం తీసుకెళ్ళారు. భగ్గుమంది. ఇసుక బకెట్లు కుమ్మరించి, తడి గోనెపట్టాతో బాది ఆర్పేసరికి సగం గుడ్డ లేదు. పక్కటెముకలు నల్లగా బయటపడ్డాయి.

పూలు, కొబ్బరి చెక్కలు సంచిలో కుక్కుకుని, తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి పడుకున్నారు.

మర్నాడు ప్రొఫెసర్ గారు రెక్క చూసి నెత్తి పట్టుకున్నారు. "తాళం పగల్లేదు. తాళంచెవులు మీ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. నిన్న సామేలు గానీ వచ్చాడా?"

"ఏమో సార్. బీడీ అలవాటైతే ఉంది."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే కదా పాపం!

సామేలును షెడ్డుకు రావద్దన్నారు. కాలనీలో మెట్ల మీద కూర్చున్నవాళ్ళంతా "ఇంకెవరు, వాళ్ళ పనే" అని తీర్పు చెప్పేశారు. సుబ్బరాయుడు గారికి అన్నం సహించలేదు. నిజం చెబుదామంటే భయం. 'ఆంధ్రాయన ఇమానం కాలబెట్టిండు' అని క్యాంపస్ అంతా అంటే? షెడ్డుకు తననే రావద్దంటే? ఈ భయాలన్నీ ఉన్నవే గానీ, వాటి అడుగున ఉన్నది ఒట్టి సిగ్గు. ఇంత వయసొచ్చి, తను పెట్టిన శాసనం తనే తప్పి, ఇంకొకడి నెత్తిన రుద్దానే అని.

సామేలే ఆయన ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"అన్నా, బీడీ ముచ్చట నువ్వే చెప్పినవంట. నేను ఎన్నడన్న షెడ్డుల ముట్టిచ్చిన్నా?"

"లేదయ్యా."

"మరి గా మాట సారుకు చెప్పు."

"చెబుతాలే," అన్నారు. సామేలు మెట్లు దిగిపోయాడు.

లోపలి నుంచి శ్యామలాంబ గారు వచ్చారు. "పళ్ళెం నా చేత్తో సర్దిచ్చానండీ. తిరిగొచ్చినప్పుడు మీ చొక్కా కమురు కంపు. మీరే చెబుతారని అడగలేదు. గుమ్మంలో నిలబడి అడిగితే ఆ మనిషిని అలా పంపేస్తారా? ఇంక దేవుడికి దీపం పెట్టమంటే నా చెయ్యెలా వస్తుంది?"

తెల్లారి సీతాఫల్‌మండి దాకా నడిచే వెళ్ళారు. సామేలు వాకిట్లో రంపం పదును పెడుతున్నాడు. అతని భార్య సోమమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పారు.

"మీ దేవునికి దీపం పెట్టుకున్నరు, తప్పేంది సార్?" అన్నాడు సామేలు తల ఎత్తకుండా. "గాని నా మీదికెందుకు తోసిన్రు?"

అన్న పోయి సార్ వచ్చాడు. చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"తప్పయిపోయింది సామేలూ."

"నాకు చెప్పుడెందుకు? నేను కాలబెట్టలేదని నాకు తెల్వదా? గాడ చెప్పున్రి."

షెడ్డు దగ్గరికి వెళ్ళి అక్కడే చెప్పారు. ప్రొఫెసర్ గారి ముందు, వాచ్‌మన్ ముందు, సమ్మెలో కూర్చున్న విద్యార్థుల ముందు.

"హారతిస్తే ఇమానం లేస్తదనుకున్నవా తాతా!" అన్నాడో కుర్రాడు. అందరూ నవ్వారు. ప్రొఫెసర్ గారు మాత్రం నవ్వలేదు. బీడీ మాట పట్టుకుని మనిషిని రావద్దన్నది తనే కదా. ఆ సాయంత్రమే సామేలుకు కబురు పంపారు.

సామేలు వెంటనే రాలేదు. సమ్మె ముగిశాక వచ్చి, కొత్త పక్కటెముకలు చెక్కాడు. గుడ్డ కుట్టడం ఒక్కరితో అయ్యేది కాదు. రెక్కను నిలబెట్టి, ఇటునుంచి ఒకరు పొడవాటి సూది గుచ్చితే, అటునుంచి ఇంకొకరు లాగి తిరిగి గుచ్చాలి. మధ్యలో గుడ్డ అడ్డం, మొహాలు కనిపించవు. రోజుల తరబడి వాళ్ళ మధ్య సూది తిరిగింది గానీ మాట తిరగలేదు. "లాగున్రి," అంటాడు సామేలు. "ఆఁ," అంటారు ఈయన. అంతే.

మరుసటి ఏడాది చలికాలంలో, విమానానికి చేయాల్సిన పరీక్షలన్నీ అయ్యాక, ఊరి బయటి మైదానంలో విమానం లేచింది. పైలట్ ముందు తనొక్కడే తిప్పి వచ్చి, "బాగుచేసినవాళ్ళలో ఒకరు ఎక్కండి," అన్నాడు. అందరూ సామేలు వైపు చూశారు, సుబ్బరాయుడు గారితో సహా.

"నాకు పని ఉన్నది. సార్‌నే ఎక్కించున్రి," అన్నాడు సామేలు, మొహం తిప్పుకుని పనిముట్లు సంచిలో వేసుకుంటూ. అది మన్నింపో, ఎత్తిపొడుపో సుబ్బరాయుడు గారికి ఇప్పటికీ తెలియదు. ఎక్కారు.

సాయంత్రం కాలనీ అంతా ఇంటికొచ్చి చుట్టుముట్టింది. పైనుంచి క్యాంపస్ కనిపించిందా? రైలు పట్టాలో? మన డాబాలో?

"కుడి రెక్కే చూస్తూ కూర్చున్నాను," అన్నారాయన. ఎంత గుచ్చి గుచ్చి అడిగినా ఇంకో మాట చెప్పలేదు.