నేను నీళ్లు పోసిన మడి

ఇవాళ పొద్దున గోదాములో విత్తన బంగాళదుంపల గోనెసంచి విప్పగానే మట్టివాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు బాషా సార్ గుర్తొస్తారు. రాప్తాడు దగ్గర ఒక చిన్న ప్రయోగ క్షేత్రంలో ఆయన నా మొదటి అధికారి. తక్కువ నీటితో బతికే బంగాళదుంప రకం ఏదో తేల్చడం ఆయన పని. రోజూ మడులు చూసి పుస్తకంలో రాయడం నా పని. మొక్క దగ్గర గొంతుక్కూర్చుని ఆకు తిరగేసి చూస్తున్నారంటే, పక్కన మనిషి ఉన్న సంగతే మరిచిపోయేవారు.

ఆ చలికాలం ఎనిమిది రకాలు నాటాం, రకానికో మడి. దుంప ఊరే సమయానికి ఆయన డ్రిప్పు కట్టేయించారు. ఇరవై రోజులు చుక్క నీరు ఇవ్వకూడదు. పదో రోజుకే మూడో మడిలో ఆకులు వేలాడిపోయాయి. మాది నల్లమాడ వైపు మెట్ట సేద్యం. ఎండే పైరు ముందు మా నాయన పొద్దంతా కూర్చోవడం చూస్తూ పెరిగినదాన్ని. సార్ వారం రోజుల పని మీద కణేకల్ వెళ్లినప్పుడు, తొట్టిలోంచి బిందెలతో నీళ్లు మోసి రెండుసార్లు ఆ మడికి పోశాను.

దుంపలు తవ్విన రోజు మూడో మడిదే పైచేయి అయింది. చూడవచ్చిన రైతుల్లో ఒక పెద్దాయన ఆ దుంపల్ని ఒళ్లో పోసుకుని, "సార్, ఈ ఉర్లగడ్డ విత్తనం మాకీండి. బోరు ఎండినా ఇదుంటే బతుకుతాం" అన్నాడు.

సార్‌ను షెడ్డు వెనక్కి పిలిచి జరిగింది చెప్పేశాను.

"ఎండిపోతాంటే సూడలేకపోయినావా?"

"అవును సార్. నన్ను పనిలోంచి తీసేయండి."

"నాకు మాత్రం సూడబుద్ధయితాందా? విత్తనం అడిగిన ఆయప్ప చేన్లో ఇది ఎండిపోతే, బిందెలు మోసేకి నువ్వు ఆడికి పోతావా?"

నేను ఏడ్చాను. "చెప్పినావు కదమ్మా. మొగం కడుక్కోని రా" అని ఆయన రైతుల దగ్గరికి వెళ్లారు.

"అన్నా, పొరపాటు మాది. ఈ మడికి నీళ్లు పారినాయి. ఈ గడ్డను నమ్మొద్దండి" అన్నారు. పెద్దాయన దుంపలు కింద పోసి, "ఊరికే ఆశ పెట్టినారప్పా" అని వెళ్లిపోయాడు. పైవాళ్లకు పంపిన నివేదికలోనూ సార్ నా పేరు రాయలేదు, తన పర్యవేక్షణ లోపమనే రాశారు. ఆ ఏడాది రావలసిన పదోన్నతి ఆయనకు రాలేదు.

మరుసటి చలికాలం అవే రకాలు అవే వరుసలో మళ్లీ నాటాం. డ్రిప్పు వాల్వు నా చేతే కట్టేయించారు. మూడో మడి పూర్తిగా మాడిపోయింది. ఎవరూ పట్టించుకోని ఐదో మడి మాత్రం వాడిపోయినా తేరుకుంది. దుంప చిన్నదే, కానీ చేతికొచ్చింది. సార్ కబురు పెడితే ఆ పెద్దాయన వచ్చాడు.

"ఈసారి నిజంగానే నీళ్లు కట్టలేదా?"

"లేదు పెదనాయనా. పోయినసారి పోసింది నేనే. ఈసారి వాల్వు కట్టేసిందీ నేనే" అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, నాటి చూస్తానని ఒక సంచి విత్తనం తీసుకెళ్లాడు.

బాషా సార్ ఇప్పుడు లేరు. నా కింద ఐదుగురు పనిచేస్తున్నారు. ఆకులు వేలాడితే నాకు ఇప్పటికీ మనసు ఆగదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఈ సంగతంతా చెబుతాను. తప్పు జరిగితే దాచుకోకుండా నా దగ్గరికి నడిచి రావాలని.