మినహాయింపు ఎవరికి

నా భార్య చనిపోయిన ఏడాది, ఉయ్యూరు బస్సులో ఒక ముస్లిం ఆవిడ నా పక్కన కూర్చుంది. బెంజ్ సర్కిల్ దాటగానే ఒక ఆసుపత్రి బిల్లు నా చేతిలో పెట్టింది.

"కాస్త చదివి పెట్టన్నా. మినహాయింపు అని రాసుందని పక్కింటి పిల్ల చెప్పింది. అంటే మేం కట్టక్కర్లేదుగా? మావారికి రేపు డయాలసిస్. డబ్బు కడితేనే రమ్మన్నారు."

బిల్లు మీద, ఆసుపత్రిని నడిపే ట్రస్టు పేరు కింద ఆ మాట నిజంగానే ఉంది.

"అది మీకు కాదమ్మా, ఆసుపత్రికి. ధర్మసంస్థ కాబట్టి వాళ్ళ ఆదాయం మీద ప్రభుత్వం పన్ను వేయదు."

"ధర్మం ఎవరికి చేస్తారంటన్నా?"

నా భార్య పేరిట అదే ట్రస్టుకు ఆ ఉదయమే విరాళమిచ్చాను. రశీదు జేబులో ఉంది. అది చూపిస్తే నాకూ పన్ను తగ్గుతుంది.

ఆవిడ బిల్లు తీసుకుని జాగ్రత్తగా మడిచింది.

"నువ్వు నాకేం చెప్పలేదనుకుంటానన్నా. రేపు కౌంటర్లో, అది మాకే అనుకున్నట్టు అడుగుతా. చదువు రానిదాన్నేగా, తిట్టినా ఒకసారి లోపలికి పంపిస్తారేమో."

కంకిపాడులో దిగిపోయింది.

ఆ ఏడాది ఆదాయపన్ను రిటర్నులో నేను ఆ రశీదు చూపించలేదు. దానివల్ల ఆవిడకు ఒరిగిందేమీ లేదు.