సరంగు ముందరి అద్దం

దీవుల మధ్య తిరిగే ఆ ఒక్కగానొక్క లాంచీలో, పొద్దున్నే దాన్ని నడిపే సరంగుగారి భార్య చేసే మొదటి పని చుక్కాని ముందున్న అద్దాన్ని తుడవడం. దేవుడి పటం తుడిచినంత భక్తిగా, మంచినీళ్లు చల్లి, పాత నూలు చీర ముక్కతో ఉప్పు మరకలన్నీ పోయేదాకా తుడిచేది. అయినా ఈమధ్య ఆయనది రోజూ ఒకటే గొణుగుడు.

"సరిగ్గా తుడిచావా? అంతా మసకగా ఉంది."

"ఇంకా తుడిస్తే చిల్లు పడుతుందండీ," అని నవ్వేసింది గాని, మసక ఉన్నది అద్దంలో కాదు, ఆయన కళ్లలోనని ఆమెకు తెలిసిపోయింది. అప్పటినుంచి ఆయన పక్కనే నిలబడి, ఊసుపోక మాట్లాడినట్టే దారి చెప్పసాగింది. "ఎడమవైపు రాయి మీద ఆ కొంగ దర్జా చూశారా!" అనేది. ఆయన మెల్లగా కుడికి తిప్పేవాడు.

ఒకరోజు చివరి దీవి దగ్గర ఒక బాలింతకు వాంతులవుతుంటే, నీళ్లివ్వడానికి ఆమె వెనక్కి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఎదురుగా రాతిగుట్ట!

"తిప్పండి, కుడికి!"

లాంచీ పక్కభాగం బర్రున గీసుకుంటూ బయటపడింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన మాత్రం చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేదు.

రేవు చేరాక ఆమె ఇంజను చూసుకునే మరిది దగ్గరికి వెళ్లి, కొంగు నలుపుకుంటూ బతిమాలింది.

"రేపట్నుంచి చుక్కాని నువ్వు పట్టు నాయనా. మీ అన్నయ్యని పక్కనే నిలబెట్టుకుని, దారి అడుగుతూ ఉండు. నీకు తెలిసినా సరే, అడుగు."