తారు అంచున మా అత్త

అత్త పోయిందని విరుదునగరం నుంచి ఫోను వచ్చేసరికి నేను కోవిల్‌పట్టిలో మా ఇంట్లో వంట చేస్తున్నాను. నిద్రలోనే పోయిందట. పొయ్యి ఆపేసి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. ఆమె ఎదుట ఏడవకుండా ఉండడం మాకందరికీ ఎప్పుడో అలవాటైపోయింది.

ఆమె మా నాన్నకు చెల్లెలు. పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పేది. మా బావ ఆమెకు ఒక్కడే కొడుకు. పుదూరు వైపు మెట్టపొలాల మధ్య ఎవరో వేసిన ట్రాక్ మీద బైకు పందేలకు వెళ్లేవాడు. ఒక పందెంలో, మలుపు దగ్గర, ముందు చక్రం తారు దిగింది. పక్కన నేల జానెడు పల్లం. మళ్లీ పైకెక్కించబోతే చక్రం తారు అంచుకు తగులుకుని బండి పల్టీ కొట్టింది. ఆ పక్కనే సిమెంటు గోడ. ఆసుపత్రికి చేరకముందే పోయాడు.

కర్మ అయిన మర్నాడే అత్త నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. ఎండలో కూర్చుని ఆ అంచును చేత్తో తడిమింది. నల్లరేగడి ఎండకు కుంచించుకుపోయి, తారును వదిలేసి కిందికి దిగిపోయి ఉంది.

"చూడవే. స్పీడు కాదు వాణ్ణి చంపినాది. ఈ ఓరమే," అంది.

ట్రాక్ నడిపే ఆయన వచ్చి తమిళంలో మెల్లగా అన్నాడు: "మీ అబ్బాయే గీత దాటాడమ్మా."

అత్త కూడా తమిళంలోనే అడిగింది: "దాటాడు. తప్పే. ఆ తప్పుకు చావా?"

ఆయన ఏమీ చెయ్యలేదు. సెలవు దొరికినప్పుడల్లా అత్త వెళ్లి ఆ అంచు సరిచెయ్యమని అడుగుతూనే ఉంది. కొన్నిసార్లు గేటే తియ్యలేదు. అదే మలుపులో ఇంకొకడు పడి కాలు పోగొట్టుకున్నాక గాని ఆయన దిగిరాలేదు. అప్పుడు గోడను దూరం జరిపారు. నల్లమట్టి తవ్వేసి, ఎండకు కుంచించుకోని ఎర్ర గరుసుమట్టి పోసి, తారుతో సమంగా రోలరుతో తొక్కించారు. అత్త గొడుగు పట్టుకుని పని అయ్యేదాకా నిలబడింది.

పాఠాల్లోనూ అదే మాట. "రోడ్డు నడుమ అందరూ బాగానే ఏస్తారు. ఓరానికి పోయి చూడండి, పని ఆడ తెలస్తాది," అనేదని ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చెప్తారు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆమె చూపు ఊళ్ల మీద ఉండేది కాదు, రోడ్డు అంచు మీదే.

ఆ తర్వాత ఒక పందెంలో ఎవడో అదే మలుపులో జారి, గరుసులో దొర్లి, లేచి నిలబడ్డాడని నేనే వెళ్లి చెప్పాను.

"లేచినాడా? నడిచినాడా?"

"నడిచినాడు అత్తా."

సంతోషిస్తుందనుకున్నాను. "మావోనికి ఆ మన్ను లేకపోయె గదే," అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మిగతా మలుపులూ అట్లాగే మార్చమని చివరిదాకా అడిగింది. వచ్చే ఏడు చూద్దామనేవారు.

అత్త కర్మ అయ్యాక ట్రాక్ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఇంకా మార్చని అవతలి మలుపు దగ్గర వంగి, తారుకూ నేలకూ మధ్య నెర్రెలో చెయ్యి పెట్టాను. మణికట్టు దాకా దిగింది. ఎవరో విజిల్ వేసి పక్కకు జరగమన్నారు. సాధన చేసే కుర్రాళ్లు వస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, మోకాళ్లు నేలకు తగిలేంత వంగి, ఆ నెర్రె పక్కనుంచే తిరిగి వెళ్లారు.