ఒక్క వాంతీ కాలేదండీ

మా మేనత్త పోయారు. మావయ్య ఫోన్ చేసి "మీ అత్తయ్య లేదమ్మా" అన్నప్పుడు నేను తాడేపల్లిగూడెం చేపల మార్కెట్లో కొరమీను కోయించుకుంటున్నాను. "ఎక్కడికెళ్ళారండీ?" అన్నాను. వెటకారానికి కాదు, నిజంగానే అడిగాను. పొద్దున్నే ఆవిడ నాతో ఫోన్లో మాట్లాడారు. పులుసు చిక్కగా పెట్టి పట్టుకురమ్మన్నారు. పొద్దున్న పులుసు అడిగిన మనిషి మధ్యాహ్నానికి లేకపోవడమేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీలో ఎవరికైనా అర్థమైతే నాకు చెప్పండి.

మా అత్తయ్య టీచరు. గుండుగొలను నుంచి పెదపాడు బడికి రోజూ బస్సులో వెళ్ళేవారు. బస్సు ఆవిడకి పడదు. సర్వీసంతా కిటికీ పక్క సీటే, చేతిలో నిమ్మకాయే. వాంతయ్యాక కొంగుతో మూతి తుడుచుకుని, "హమ్మయ్య, పోయింది" అనుకుని, దిగి తిన్నగా క్లాసుకి వెళ్ళిపోయేవారట. వాంతంటే ఆవిడకి ఒకరకమైన గౌరవం ఉండేది. కడుపులో చెడు ఉంచుకోకూడదనేవారు. అబద్ధం చెప్పిన పిల్లల్ని కొట్టేవారు కాదు. "కక్కెయ్ నాన్నా, తేలికైపోతుంది" అనేవారు. నా చేత కూడా చాలా కక్కించారు. నేను ఇష్టపడ్డ అబ్బాయి పేరు మా అమ్మ కంటే ముందు ఆవిడకే తెలుసు.

క్యాన్సరని తేలాక ఏలూరులో కీమో మొదలుపెట్టారు. తోడు నేనే వెళ్ళేదాన్ని. మొదటిసారి ఎక్కించి ఇంటికి తెచ్చాక ఆవిడ పడ్డ అవస్థ చూడలేకపోయాం. మంచినీళ్ళు కూడా లోపల నిలవలేదు. మావయ్య బకెట్ పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నారు. "హమ్మయ్య" అన్న మాట ఆవిడ నోట ఒక్కసారి కూడా రాలేదు.

"ప్రభువు పిలిస్తే పోతాను గానీ, ఆస్పత్రికి మాత్రం ఇంక రానమ్మా" అన్నారు.

బతిమాలి తీసుకెళ్ళాం. ఈసారి డాక్టరు గారు కీమోకి ముందు వేరే ఇంజక్షన్ వేయించారు. వాంతులకి వేసే మామూలు ఇంజక్షన్ త్వరగా దిగిపోతుందట, ఇది ఒంట్లో మెల్లమెల్లగా పనిచేస్తూ నాలుగైదు రోజులు కాస్తుందట. ఇంటికొచ్చి, బకెట్ సిద్ధంగా పెట్టుకుని ముగ్గురం ఎదురుచూశాం. ఏమీ కాలేదు. మర్నాడు ఆవిడ ఇడ్లీ తిన్నారు. ఆ మర్నాడు ఆవకాయ అడిగారు.

మేం సంబరపడుతుంటే ఆవిడ మాత్రం ముఖం అనుమానంగా పెట్టుకుని కూర్చున్నారు. తరవాతిసారి వెళ్ళగానే డాక్టరు గారిని నిలదీశారు.

"ఏవండీ డాక్టరు గారూ, పోయినసారి నాకు మందు సరిగ్గా ఎక్కించలేదండీ. ఉత్త సెలైన్ పెట్టి పంపించేశారు."

"అదేంటమ్మా, అలా ఎందుకనుకున్నారు?"

"ఒక్క వాంతీ కాలేదండీ!"

ఆయన నవ్వి, ఓపిగ్గా చెప్పారు. ఆ ఇంజక్షన్ వాంతుల్ని మాత్రమే ఆపుతుంది, జబ్బు సంగతి చూసుకోవలసింది కీమో, ఒకదాన్ని బట్టి ఇంకోటి అంచనా వేయకూడదు అన్నారు. అత్తయ్య తలూపారు గానీ నమ్మలేదు. ఆటోలో మా ఇద్దరితో, "మరి ఆ చెడంతా లోపలే ఉండిపోయింది కదే, ఎటు పోతుంది?" అన్నారు. నేనూ మావయ్యా ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాం.

నవ్వాం గానీ, మేం పడ్డ పొరపాటూ అదే. కాకపోతే తిరగేసి పడ్డాం. వాంతి కాలేదు కాబట్టి మందు పనిచేయలేదని ఆవిడ అనుకున్నారు. వాంతి కాలేదు కాబట్టి జబ్బు తగ్గిపోతోందని మేం అనుకున్నాం. స్కాన్‌లో గడ్డ పెరిగిందని డాక్టరు గారు చెబుతుంటే నాకు వినిపించింది గానీ బుర్రకెక్కలేదు. ఇంట్లో చూస్తే అత్తయ్య పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూ కూర్చునేవారు మరి! కీమో మందు మార్చారు. ఆ ఇంజక్షన్ మాత్రం అదే ఉంచారు. ఆవిడ చివరిదాకా ఇష్టంగా తిన్నారు. ఆఖరి కీమో అయిన మూడో రోజున పోయారు.

ఆ ఇంజక్షన్ మీద నాకున్నది కోపమో కృతజ్ఞతో తేలడం లేదు. రోజుకో రకంగా ఉంటోంది. అది లేకపోతే ఆ నెలలన్నీ ఆవిడకి బకెట్ పక్కనే గడిచిపోయేవి. అది ఉండబట్టే మేం ధీమాగా ఉండిపోయాం. పాపం అది మాకేమీ మాటివ్వలేదు. ఇదంతా ఎవరికి చెప్పుకోవాలని ఆలోచిస్తే మళ్ళీ అత్తయ్యే గుర్తొస్తున్నారు. నాకు ఏడుపొస్తోంది.

సమాధి చేసి వచ్చిన రోజు చర్చివాళ్ళు భోజనాలు పంపించారు. మావయ్య ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్ళి, మళ్ళీ కంచంలో పెట్టేశారు. నన్ను అడిగారు.

"ఆ ఇంజక్షన్ నాలుగైదు రోజులుంటుందన్నారు కదమ్మా డాక్టరు గారు?"

"అవునండీ."

"అయితే మీ అత్తయ్య ఒంట్లో ఇంకా ఉందన్నమాట."

"ఉంటుంది మావయ్యా" అన్నాను.

"పోనీలే. దానికి కడుపులో తిప్పదు" అని, ఆయన ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నారు.